వాద్యకారుల కుర్చీ తయారీ: కొలత తీయడం నుంచి రబ్బరు బుష్ దాకా

పెళ్ళిళ్ళకు టెంట్‌హౌస్ వాళ్ళు వేసే ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి చదునైన నేల మీద పెట్టండి. సీటు మధ్యలో ఒక గోలీ వదలండి. అది నేరుగా వెనక్కి దొర్లి, వీపు ఆనేచోట ఆగుతుంది. భోజనాల పిలుపు కోసం కూర్చున్నవాళ్ళకు ఆ వాలు హాయిగానే ఉంటుంది. మోకాళ్ళ మధ్య సెల్లో (వయోలిన్‌కు పెద్దన్న లాంటి తీగల వాద్యం) పెట్టుకుని రెండున్నర గంటల రిహార్సల్ చేసేవాళ్ళకు మాత్రం అదే వాలు నడుం పడగొడుతుంది.

మహారాష్ట్రలోని బల్లార్షా, చంద్రపూర్ వైపు చర్చి క్వాయర్లకూ, పాటల ఆర్కెస్ట్రాలకూ, బ్యాండ్ పార్టీలకూ కుర్చీలు చేసిచ్చే పని నాది. బొగ్గు గనులనీ పేపర్ మిల్లు అనీ మనవాళ్ళు ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ఊళ్ళు కాబట్టి బేరం తెలుగులోనే మొదలవుతుంది, కలప డిపోలో మరాఠీలో ముగుస్తుంది. ఎర్గోనామిక్ కుర్చీ, అంటే ఒంటికి అనువైన కుర్చీ, కావాలని వచ్చేవాళ్ళు ఫోన్‌లో చూపించేది ఎక్కువగా ఆఫీసు కుర్చీ. ఎత్తైన వీపు, చేతులు, చక్రాలు. వాయించేవాళ్ళకు ఈ మూడూ అడ్డమే. చేతులుంటే తీగల మీద లాగే కమాను తగులుతుంది. చక్రాలుంటే పాదం నేలను నొక్కినప్పుడల్లా కుర్చీ జరుగుతుంది. ఇక వీపు సంగతంటారా, వాయిస్తున్నంతసేపూ దానికి ఆనుకునేవాళ్ళే తక్కువ. ఈ కుర్చీలో అసలు పనంతా సీటు ముందువైపు ఆరు అంగుళాల్లోనే జరుగుతుంది. డబ్బు, సమయం, తెలివి అక్కడ పెట్టండి.

నడుం ఎందుకు పడుతుంది

కుర్చీలో నిటారుగా కూర్చుంటే తొడకూ మొండేనికీ మధ్య 90 డిగ్రీల కోణం కనిపిస్తుంది. ఆ వంపంతా తొంటి కీలు దగ్గరే జరగదు. దాదాపు 60 డిగ్రీలు తొంటి ఇస్తే, మిగిలిన 30 డిగ్రీల కోసం కటి ఎముక వెనక్కి తిరిగిపోతుంది. దాంతో నడుం దగ్గర లోపలికి ఉండాల్సిన సహజమైన ఒంపు చదునవుతుంది. 1953లో కీగన్ అనే వైద్యుడు ఎక్స్‌రేలు తీసి చూపించింది ఇదే. తొడకూ మొండేనికీ మధ్య కోణం 135 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నడుం తన సహజ స్థితిలో ఉంటుందని తేల్చాడాయన. తర్వాత డెన్మార్క్ సర్జన్ మాండల్, బడిపిల్లల బెంచీల సీటు ముందుకు వాలి ఉండాలని ఏళ్ళ తరబడి వాదించాడు. మనం చేసే కుర్చీకి మూలం ఆ వాదనే.

నేల మీద కూర్చుని పాడేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. బాసింపట్టు వేసుకుని, పిరుదుల కింద దుప్పటి మడత ఒకటి పెట్టుకుంటారు. మోకాళ్ళ కంటే తొంటి కాస్త ఎత్తున ఉంటే నడుం దానంతటదే నిలబడుతుంది, ఊపిరి కూడా కిందిదాకా దిగుతుంది. క్లారినెట్, ట్రంపెట్ ఊదేవాళ్ళకు ఈ రెండోది మరీ ముఖ్యం. పొట్ట మడతపడితే గాలి చాలదు.

1988లో అచ్చైన సర్వే ఒకటుంది. అమెరికాలో 48 ఆర్కెస్ట్రాల వాద్యకారులను అడిగితే, వాయించడానికి అడ్డొచ్చేంత తీవ్రమైన ఒంటి సమస్య కనీసం ఒకటైనా ఉందని 76 శాతం మంది చెప్పారు. ఆ పాపమంతా కుర్చీదే అనలేం. గంటల తరబడి సాధన, వాద్యం బరువు, టెన్షన్, అన్నీ ఉంటాయి. అయితే వాటన్నిటిలో వడ్రంగి చేతిలో ఉన్నది కుర్చీ ఒక్కటే.

మొదటి పని: టేపు తీయకముందు వాద్యం చూడండి

వాయించే మనిషిని చేతుల్లేని మామూలు స్టూలు మీద కూర్చోబెట్టి, పది నిమిషాలు వాయించమనండి. మీరు పక్కనుంచీ ముందునుంచీ ఫోన్‌లో వీడియో తీయండి. ఏ కుర్చీ కావాలో ఆ వీడియోనే చెబుతుంది.

అన్నిటికంటే ఎక్కువ పని పెట్టేది సెల్లో. రెండు మోకాళ్ళూ దూరంగా జరిపి, వాటి మధ్య వాద్యాన్ని నిలబెడతారు. దాని పైఅంచు గుండె ఎముకకు ఆనుతుంది, కింద ఇనుప ముల్లు నేలకు గుచ్చుకుంటుంది. సీటు పొట్టిగా ఉంటే మోకాళ్ళు పైకి లేచి వాద్యాన్ని పక్కలనుంచి నొక్కుతాయి, మనిషి వెనక్కి ఒరుగుతాడు, కుడిచేయి చాచి చాచి వాయించాలి. సీటు వెనక్కి వాలి ఉంటే దాన్ని తప్పించుకోవడానికి అంచు మీదికి జరిగి కూర్చుంటాడు. అప్పుడు ఒంటి బరువంతా రెండంగుళాల పట్టీ మీద పడుతుంది. పైగా కాళ్ళు విప్పి కూర్చుంటాడు కాబట్టి సీటు ముందు మూలలు రెండూ తొడల అడుగుభాగంలోకి దిగుతాయి. వాయించి లేచాక తొడ కింద ఎర్రటి గీత ఉందా అని అడగండి. ఉందంటే ఆ మూల కొయ్యాల్సిందే.

వయోలిన్ వాళ్ళకూ, దానికంటే కాస్త పెద్దదైన వియోలా వాళ్ళకూ కుడి తొడ అడ్డం. అన్నిటికంటే సన్నటి తీగ మీద కమానును కొనదాకా లాగినప్పుడు చేయి కుడి మోకాలి వైపు దిగుతుంది. అందుకే చాలామంది కుడి పాదాన్ని కుర్చీ కిందికి, వెనక్కి లాగి, ఆ మోకాలిని దించుకుంటారు. కుర్చీ ముందుకాళ్ళ మధ్య అడ్డకర్ర ఉంటే ఆ పాదం వెనక్కి పోదు. కర్ర అడ్డం వస్తోందని వాళ్ళు చెప్పరు, భుజం నొప్పి అంటారు.

చుట్ట చుట్టిన ఇత్తడి వాద్యం ఫ్రెంచ్ హార్న్‌ను చాలామంది కుడి తొడ మీద ఆనిస్తారు. కొంతమంది పక్కకు ఎత్తి పట్టుకుంటారు. ఎలా పట్టుకున్నా దాని నోరు కుర్చీ వీపుకు తగలకూడదు. పెద్ద ఇత్తడి వాద్యం ట్యూబాను ఒళ్ళో నిలబెడతారు కాబట్టి సీటు ముందు కాస్త చదునైన చోటు ఉండాలి, మరీ గుండ్రంగా కోస్తే జారిపోతుంది. పొడవాటి చెక్క ఊదుడు వాద్యం బాసూన్‌ది వేరే కథ. తోలు పట్టీని సీటు మీద అడ్డంగా పరిచి దాని మీద కూర్చుంటారు, పట్టీ కొస వాద్యం అడుగుభాగానికి తగిలించి ఉంటుంది. సీటు నున్నగా ఉంటే పట్టీ జారి, వాద్యం మెల్లమెల్లగా కిందికి దిగుతుంది. ట్రాంబోన్‌కు కుర్చీతో పెద్ద పేచీ లేదు, దాని గొట్టం ముందుకు జాపుతారు కాబట్టి ముందు వరసకు దూరం వదలాలి, అంతే.

రెండో పని: కొలతలు

ముఖ్యమైన కొలత ఒకటే, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా ఎత్తు. స్టూలు మీద కూర్చోబెట్టి, పాదం చదునుగా ఆనించి తీయండి. కచేరీలో ఎలా వాయిస్తారో అలాగే ఉండి కొలవాలి. మన దగ్గర చర్చిలో చెప్పులు బయట వదిలి ఉత్తకాళ్ళతో వాయిస్తారు, పక్క ఊళ్ళో స్టేజీ ఎక్కితే బూట్లు వేస్తారు. ఆ ఒక్క తేడాకే అంగుళం దాకా పోతుంది. రెండూ ఉన్నవాళ్ళకు ఎత్తు మార్చుకునే కాళ్ళు తప్పవు.

సీటు ముందు అంచు ఎత్తు ఆ కొలతకు సమానంగా, లేదా నాలుగు సూత్‌లు (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) ఎక్కువగా ఉంచండి. వెనకవైపు వాలును బట్టి పెరుగుతుంది. పాదం మొత్తం నేలకు ఆనాలి. మునివేళ్ళ మీద నిలిచిందంటే సీటు ఎత్తు ఎక్కువైంది.

రెండో కొలత, పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా. సీటు లోతు దీనికంటే కనీసం మూడు అంగుళాలు తక్కువ ఉండాలి. పెద్దవాళ్ళలో ఎక్కువమందికి 15 అంగుళాల లోతు సరిపోతుంది, సెల్లోకు 14 చాలు. వెడల్పు 17 అంగుళాలు. ఇంతకంటే పెద్ద సీటు చేస్తే చూడ్డానికి ఘనంగా ఉంటుంది తప్ప వాయించేవాళ్ళకు ఒరిగేదేమీ లేదు.

మూడో పని: వాలు తేల్చడం

డిగ్రీలు ఎవరికైనా నోటితో చెప్పొచ్చు, కూర్చుంటేనే తెలుస్తుంది. అందుకే అసలు కుర్చీకి ముందు ఉత్తుత్తి కుర్చీ ఒకటి చేయండి. ఉన్న చెక్క కుర్చీయే వాడుకున్నా ఫరవాలేదు. 12 ఎంఎం ప్లై ముక్కలు అరచేతి సైజులో ఓ పది కోసి పెట్టుకోండి. వెనక కాళ్ళ కింద ఒక్కోటి పెంచుతూ గోలీతో చూడండి. గోలీ ఎటూ దొర్లకుండా నిలిచిన దగ్గర మీ సున్నా. అక్కడినుంచి పైకి పెట్టే ప్రతి ముక్కా ముందు వాలు. ముక్కలు కదలకుండా చిన్న మేకులతో పట్టించండి. వాయించే మనిషి పడితే వాద్యం కూడా పోతుంది.

15 అంగుళాల లోతు మీద 5 డిగ్రీలంటే వెనక అంచు ముందు అంచు కంటే అంగుళం రెండు సూత్‌లకు కాస్త పైన ఎత్తు. నా అనుభవంలో వయోలిన్, సెల్లో వాళ్ళు 4 నుంచి 7 డిగ్రీల మధ్య కుదురుకుంటారు, ఊదేవాళ్ళు అంతకంటే తక్కువ అడుగుతారు. 10 దాటితే మనిషి ముందుకు జారుతూ ఉంటాడు, ఆ జారుడు ఆపడానికి తొడలు, మోకాళ్ళు పనిచేయాలి. నడుం నొప్పి పోయి మోకాలి నొప్పి వస్తే మనం చేసిన మేలేమిటి?

ఇక్కడ తొందరపడకండి. ఉత్తుత్తి కుర్చీని పూర్తి రిహార్సల్‌కు ఇచ్చి పంపండి. మొదటి పావుగంట ఏ వాలైనా కొత్తగా, బాగానే ఉన్నట్టుంటుంది. 40 నిమిషాలు దాటాక ఒళ్ళు నిజం చెబుతుంది. పాదాలు కుర్చీ కాళ్ళకు మెలేసుకుంటే జారుతున్నాడని గుర్తు. భుజాలు చెవుల వైపు లేస్తే ఎత్తు సరిపోలేదు. ప్రతి పాట మధ్యలో వెనక్కి జరిగి కూర్చుంటుంటే వాలు ఎక్కువైందన్నమాట.

సీటంతా ఒకే వాలు ఉండాలని లేదు. నాకు నచ్చిన పద్ధతి రెండు భాగాల సీటు. వెనక ఆరు అంగుళాలు చదును, అక్కడినుంచి ముందుకు వాలు. వాయించేటప్పుడు ముందుకొస్తారు, వాళ్ళ వంతు లేని చోట వెనక్కి జరిగి వీపు ఆనిస్తారు. పెద్ద ఆర్కెస్ట్రా రచనల్లో ఇత్తడి వాద్యాల వాళ్ళకు ఎంతోసేపు పనే ఉండదు, వాళ్ళు ఈ సీటును ఇష్టపడతారు. చేసేటప్పుడు రెండు భాగాలు కలిసేచోట గట్టు తగలకుండా చిత్రిక పట్టాలి. చేత్తో తడిమితే తెలియకూడదు.

నాలుగో పని: సీటు

అడుగున 12 ఎంఎం ప్లై, అంతకంటే పలచన వద్దు. ముందు అంచును పైనుంచి కిందికి గుండ్రంగా తిప్పండి, కనీసం అంగుళం గుండ్రం రావాలి. ప్లై ఒక్కదానితో అంత రాదు, అంచు కింద టేకు పట్టీ అతికించి, రెండూ కలిపి చెక్కాలి. సెల్లో కుర్చీకి ముందు మూలలు రెండూ మూడేసి అంగుళాలు ఏటవాలుగా కోసి గుండ్రం చేయండి. వయోలిన్ వాళ్ళకు కుడి మూల ఒక్కటి కోస్తే కుడి తొడ కిందికి దిగుతుంది. ఎడమచేతి వాటంగా వాయించేవాళ్ళకు ఎడమ మూల కోయాలి, అడిగి కోయండి.

ఫోమ్ దగ్గరే అందరూ ఆశపడతారు. మెత్తగా ఉంటే సుఖమని అనుకుంటారు. పిరుదుల కింద రెండు ఎముకలున్నాయి, కూర్చున్నప్పుడు బరువంతా వాటి మీదే. మెత్తటి ఫోమ్‌లో అవి ఇరవై నిమిషాల్లో దిగిపోయి ప్లైకి తగులుతాయి, కటి వెనక్కి ఒరిగిపోతుంది, అంత కష్టపడి పెట్టిన వాలు వృథా. దుకాణంలో 40 డెన్సిటీ అని అడిగి అంగుళంన్నర మందం తీసుకోండి, పైన అర అంగుళం మెత్తటిది చాలు. కుదురుగా కూర్చుని, ఎముక కింద చెక్క తగులుతోందా అని గమనించండి. తగిలితే ఫోమ్ పలచన.

ప్లైకి అర అంగుళం బర్మాతో ఐదారు రంధ్రాలు వేయడం మరచిపోవద్దు. రంధ్రాలు లేకపోతే కూర్చున్నప్పుడల్లా దిండులోంచి గాలి కుట్ల సందుల గుండా 'ఫుస్స్' మంటుంది. పాట మొదలయ్యే ముందు హాలంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ చప్పుడు బాగా వినిపిస్తుంది.

పైన రెగ్జీన్ వద్దంటాను. మే నెలలో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, ఫ్యాన్ కింద కూడా ప్యాంటు అంటుకుపోతుంది. ముందుకు వాలిన సీటు మీద రెగ్జీన్ జారుడు కూడా. సోఫాకు వాడే గరుకు నేత గుడ్డ మంచిది, బాసూన్ పట్టీని కూడా పట్టి ఉంచుతుంది. రంగు నల్లది లేదా ముదురు బూడిద, మెరవకూడదు.

ఐదో పని: కాళ్ళు, చట్రం

మా పక్క టేకుకు కొదవ లేదు. బల్లార్షా డిపో నుంచి 2023లో అయోధ్య గుడి తలుపులకు టేకు పంపారు. కుర్చీకి అంత ఘనమైన మొద్దు అక్కర్లేదు, అంగుళంన్నర చదరం కాళ్ళు వచ్చే కట్ సైజు చాలు. చూడాల్సింది ఎండిన కలపా కాదా అని. తేమ 12 శాతం దగ్గరికి రాని కలపతో చేస్తే వేసవిలో జాయింట్లు వదులై కిర్రుమంటాయి. టేకు ఖరీదు అనుకుంటే అంగుళం చదరం ఇనుప పైపు, 16 గేజ్, వెల్డింగ్ చేయించుకోండి. మోసుకుపోయే బృందాలకు పైపే మేలు. ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు, టెంపోలో పట్టేస్తాయి.

చట్రంలో రెండు విషయాలు తగాదా పడతాయి. సెల్లో వాళ్ళు అంచు మీద కూర్చుంటారు కాబట్టి ముందు కాళ్ళు అంచుకు దగ్గరగా ఉండాలి, లేకపోతే కుర్చీ ముందుకు తిరగబడుతుంది. అదే కాళ్ళు అంచుకు మరీ దగ్గరైతే పిక్కలకు తగులుతాయి. అంచు నుంచి అంగుళం లోపలికి పెట్టి చూడండి. తర్వాత ముందు అంచు సరిగ్గా మధ్యలో ఒక పెద్దమనిషి పూర్తి బరువుతో కూర్చోవాలి, వెనక కాళ్ళు నేలనుంచి లేవకూడదు. లేస్తే ముందు కాళ్ళ కొసలను కాస్త ముందుకు వాల్చండి. వెనక కాళ్ళు ఎలాగూ వెనక్కి వాలి ఉండాలి, ఆనుకున్నప్పుడు పడకుండా.

ముందు కాళ్ళ మధ్య అడ్డకర్ర పెట్టకండి. బలం కోసం పక్కల రెండు, వాటిని కలుపుతూ మధ్యకంటే వెనక్కి ఒకటి పెట్టండి. పాదం వెనక్కి పోవడానికి చోటు మిగులుతుంది.

ఎత్తు మార్చుకునే ఏర్పాటు ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ విడివిడిగా ఉండాలి. అలా ఉంటే ఎత్తుతోపాటు వాలు కూడా మార్చుకోవచ్చు. చెక్క కాళ్ళకు అడుగున నట్టు దించి, పది ఎంఎం బోల్టు పాదం బిగిస్తే అంగుళంన్నర దాకా ఆట దొరుకుతుంది. పైపు కాళ్ళలో ముప్పావు అంగుళం పైపును లోపల జొనిపి, అర అంగుళానికో రంధ్రం వేసుకోవచ్చు. లోపలి పైపు కాస్త వదులుగా ఉంటుంది, కదిలినప్పుడల్లా టకటకలాడుతుంది. నైలాన్ ముక్క పెట్టి, పక్కనుంచి బోల్టుతో బిగించండి.

వీపు

దీనికి ఎక్కువ బుర్ర పెట్టక్కర్లేదు. నడుం ఒంపు దగ్గర ఆనేలా ఐదారు అంగుళాల పలక ఒకటి, భుజం ఎముకలకు కింద ఆగిపోవాలి. సీటుకూ పలకకూ మధ్య ఖాళీ వదలండి, పిరుదులు వెనక్కి పోవడానికి. వెడల్పు సీటు కంటే తక్కువే ఉండాలి, మోచేతులు తగలకుండా.

చప్పుడు పరీక్ష

రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక చేయండి. కూర్చుని ముందుకు, వెనక్కి, పక్కలకు ఊగండి. కిర్రుమన్న జాయింట్‌కు సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. ప్రతి స్క్రూ కింద వాషర్, ఇనుమూ ఇనుమూ ఆనేచోట రబ్బరు పలక. కాళ్ళ అడుగున బుష్‌లు గట్టి రబ్బరువి కొనండి, చవక ప్లాస్టిక్‌వి పింగాణీ టైల్స్ మీద గీస్తాయి. పలకల స్టేజీ మీద సందుల్లో కాలు దిగకుండా బుష్ అడుగు అంగుళానికి పైన వెడల్పు ఉండాలి.

డబుల్ బేస్ స్టూలు

డబుల్ బేస్ అంటే వయోలిన్ ఆకారంలో మనిషెత్తు ఉండే వాద్యం. దాని స్టూలును కుర్చీల లెక్కలో కలపకండి. పెద్దవాళ్ళకు 28 నుంచి 30 అంగుళాల ఎత్తు, గుండ్రటి గట్టి సీటు, వీపు లేదు. ఒక పాదం నేల మీద, ఇంకోటి కమ్మీ మీద పెడతారు, కాబట్టి కమ్మీ ఎత్తు మార్చుకునేలా ఉండాలి. ఒకే ఎత్తులో వెల్డింగ్ చేసేసిన కమ్మీ ఒక్కరికే సరిపోతుంది. కాళ్ళు బాగా ఎడంగా పెట్టండి. వాద్యం బరువు కూడా ఒకపక్క ఆనుతుంది.

ఇరవై మంది బృందానికి ఎన్ని రకాలు?

ఇరవై రకాలు అవసరం లేదు. అందరి మోకాలి ఎత్తులూ కాగితం మీద వరసగా రాస్తే రెండు గుంపులు కనిపిస్తాయి, ఒక్కోసారి మూడు. గుంపుకో ఎత్తు, మిగిలింది బోల్టు పాదాలు చూసుకుంటాయి. సెల్లో కుర్చీలు మాత్రం విడిగా చేయండి. ఏ కుర్చీ ఎవరిదో సీటు అడుగున పెయింట్‌తో రాయండి, వాద్యం పేరు, ముందు ఎత్తు, వెనక ఎత్తు. టెంపో దించాక కుర్రాళ్ళు ఎవరికి దొరికింది వాళ్ళు వేసేస్తారు, ఆ రాత లేకపోతే ఇంత పనీ గాలికి పోయినట్టే.

ఆరు నెలలకోసారి బోల్టులు బిగించాలి. ఫోమ్ మీద బొటనవేలితో నొక్కి వదిలినప్పుడు గుంట వెంటనే పూడకపోతే మార్చే సమయం వచ్చింది. చిన్నపిల్లల కుర్చీలకు ఇంకో పని ఉంది. ఏటా వేసవి సెలవులు అయ్యాక మోకాలి ఎత్తు మళ్ళీ కొలిచి పాదాలు పెంచండి. బోల్టుకు ఆట అయిపోతే ఆ కుర్చీని తర్వాతి పిల్లకు ఇచ్చి, పెద్ద సైజుది తీసుకోండి.